ఆకు వక్క పెట్టని ఇల్లు

18 మే 1982

పటేల్ రఘునాథ్‌రావుకు రెండు డైరీలు వచ్చినయట. ఒకటి నాకిచ్చిండు. ఏడాది సగం కావచ్చింది, మిగిలిన సగం రాసుకో వీరస్వామీ అన్నడు. నలుగురి ముంగట నాకు మాట రాదు. రాస్తే వస్తదేమో. నాలుగో తరగతి దాక చదివిన.

రేపటి సంది పటేల్ ఇంటి పని. ఇంటి మీది గూన పెంకులన్ని దించి మళ్ల కప్పాలె.

20 మే

తూర్పు దిక్కు గూన దించినం. వాసాలు గట్టిగనే ఉన్నయి. రెండింటిని చెదలు తిన్నయి. పొద్దుగాల టీ ఇచ్చిన్రు. దొరసాని శకుంతలమ్మ కిందికెల్లి అడిగింది, మా ఇల్లు సరే, నీ ఇల్లు ఎన్నడు కప్పుతవు అని. కూలోళ్లు నవ్విన్రు. నేను గూన చూసుకుంట కూసున్న.

21 మే

రాత్రి నా పెండ్లాం భద్రమ్మకు దమ్ము లేచింది. ఊపిరి ఆడక గోడకు ఒరిగి కూసున్నది. ఇంకా వాన పడనే లేదు.

మా ఇల్లు ఉరుస్తది. వాన పడితే నడింట్ల సర్వ, పొయ్యి కాడ బిందె, ఆమె మంచం మీద గోనెసంచి. తేమకు దమ్ము ఎక్కువైతది. పోయిన ఏడు పరకాల దవాఖానకు తీసుకపోయిన. డాక్టర్ మందు రాసిచ్చి, పొడి జాగల పండుకోవాలె అమ్మా అన్నడు. అది ఏ దుకాణంల దొరుకుతది సారూ అని అడిగింది ఈమె. డాక్టర్ నన్ను చూసి ఏం పని చేస్తవు అన్నడు. నేను చెప్పలేదు. ఈమెనే చెప్పింది.

మూడేండ్ల సంది వానకాలమంత మొగుళ్లపల్లిల తమ్ముడు పోశాలు ఇంట్ల ఉంటంది. వాళ్లది స్లాబ్ ఇల్లు. నేను ఒక్కన్నే వండుకుంట. ఉప్పు ఎప్పుడు ఎక్కువనే పడుతది.

24 మే

పోశాలు వచ్చిండు. ఈసారి అక్కను తీసుకపోతే మళ్ల తోలియ్య బావా అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని నవ్వులాట కాదు. ఊరందరికి నీడ చేసేటోన్ని చేసుకొని మా అక్క గొడుగు కింద సంసారం చేస్తంది అన్నడు. ఆర్ద్ర కార్తెకు ముందే బండి తెస్తడట.

భద్రమ్మ తమ్మునికి పీట ఏసింది. అన్నం పెట్టింది.

ఆమె పోవుడు నాకు ఇష్టం లేదు. ఇక్కడ రాస్తున్న.

25 మే

రోహిణి కార్తె వచ్చింది. ఇప్పుడే అందరికి ఇల్లు యాదికొస్తది.

లంబాడి తండ నుంచి వాల్యా, అతని పెండ్లాం గోరీ వచ్చిన్రు. ఆమె బొట్టు పెట్టి ఆకు వక్క చేతుల పెట్టింది. గడ్డి తీసేసి గూన ఏపిస్తరట. వాళ్ల తండల మొదటి గూన ఇల్లు అదే. తీసుకున్న. కాదు అనుడు నాకు రాదు.

వాళ్లు పోయినంక భద్రమ్మ అడిగింది, మన ఇల్లు వాళ్లకు ముందా ఎన్కా అని. ముందుగాల వాళ్లు పెట్టిన్రు గద అన్న. మరి మనకు ఎవరు పెడుతరు అన్నది.

27 మే

పొద్దంత భద్రమ్మ అడిగిన మాటనే నెత్తిల తిరిగింది.

మా పనికి ఒక రివాజు ఉన్నది. ఇంటి ఆడామె వచ్చి ఆకు వక్క పెట్టాలె. అప్పుడే ఇంటి మీద కాలు పెట్టుడు. పిలవని ఇంటి నెత్తిన ఎక్కరాదు అని నాయిన చెప్పిండు. ఎవరు ముందు పెడితే వాళ్లది ముందు. పిలిచేటోళ్లు రోహిణి నుంచి మిరుగం దాక తెగరు. మిరుగం కార్తె దాటితే వాన. గూన నానితే ఎక్కరాదు.

నాయిన ఇల్లు గూడ ఉరిసేది. అవ్వ ఏమనకపోయేది. మనసుల ఏమనుకున్నదో.

30 మే

భద్రమ్మ నాకు చెప్పకుంట ఓదెలు దగ్గరికి పోయింది. మా దిక్కు నేను కాక ఇల్లు కప్పేటోడు ఓదెలు ఒక్కడే. ఆకు వక్క తీసుకపోయిందట. వాడు చేతులు ఎన్కకు పెట్టుకున్నడట. వీరన్న పోయిండా ఏంది అక్కా, నేను ఎక్కనీకి అన్నడట. కప్పేటోడు బతికుండంగ వాని ఇంటి మీద ఇంకొకడు ఎక్కడు. అది గూడ రివాజే.

ఇదంత ఓదెలే చెప్పిండు, కల్లు కాడ. అందరు విన్నరు. ఓదెలు పెండ్లాం అన్నదట, మా ఇల్లు చూసి పో అక్కా, మాకు మూలకొక చెరువు అని.

ఇంటికొచ్చి చూసిన. ఆకులు తడిబట్టల చుట్టి గూట్ల పెట్టి ఉన్నయి.

1 జూన్

పటేల్ ఇల్లు అయిపోయింది. రేపు తండ.

2 జూన్

ఎండ. గూన పట్టుకుంటే చెయ్యి కాలుతంది.

4 జూన్

ఇయ్యాల జరిగింది మొత్తం రాయాలె.

వాల్యా ఇంటి కొప్పు మీద ఉన్న. బాట మీద ఎవరో ఆడామె వస్తంది. నాలుగడుగులు ఏస్తది, ఆగుతది. దమ్ము అని నడక చూస్తేనే తెలిసింది. ముఖం తర్వాత కనబడ్డది. భద్రమ్మ. ఏమైందో అని దిగబోయిన, కాలు జారింది, వాసం పట్టుకున్న.

ఇంటి ముంగట రాయి మీద కూసున్నది. గోరీ నీళ్లిచ్చింది. తాగి, ఊపిరి కుదురుకున్నంక లేచింది. కప్పేటాయన ఉన్నడా అని అడిగింది. గోరీ పైకి చూపెట్టింది.

దిగిన. భద్రమ్మ కొంగుల నుంచి కుంకుమ తీసి నాకు బొట్టు పెట్టింది. ఆకు వక్క ముంగట పట్టి, మా ఇల్లు ఉరుస్తంది, మా ఇంటాయనకు తీరిక లేదు, మీరన్నా జర వచ్చి చూడుండ్రి అన్నది. ముప్పయి ఏండ్లల నన్ను మీరు అనుడు ఇదే మొదలు.

ఆకు వక్క ఎవరు పట్టినా ఎవరి ఇల్లమ్మా అని అడుగాలె. అలవాటైన నోరు. అడిగేసిన.

వీరస్వామి ఇల్లు అన్నది.

వాల్యా గూన కింద పెట్టి పొట్ట పట్టుకున్నడు. గోరీ ఏదో వాళ్ల మాటల అన్నది, ఆడోళ్లందరు కొంగు నోట్ల పెట్టుకున్నరు. భద్రమ్మ నవ్వలేదు. చెయ్యి అట్లనే పట్టి ఉన్నది.

తీసుకున్న.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికొచ్చినం. ఆమె ఆగిన కాడల్ల నేను ఆగిన.

6 జూన్

నిన్న తండ పని ఒడిసింది. ఇయ్యాల వీరస్వామి ఇల్లు.

పని ఇచ్చినామె లెక్కనే ఉన్నది. కట్టె పట్టుకొని చూపెట్టింది. ఇగో బియ్యం కుండ మీద. ఇగో పొయ్యి మీద. ఇగో నా మంచం మీద. అన్నం అరుగు మీద పెట్టింది, పనోళ్లకు పెట్టినట్టు. కూర మంచిగున్నదా అని అడిగింది. మంచిగున్నదమ్మా అన్న. అప్పుడు నవ్వింది.

పైకెక్కితే తెలిసింది. రెండు గూనలు ఒక తీరు లేవు. ఇది పటేల్ కొట్టం గూన, ఇది బడి గూన, ఇది చచ్చిపోయిన కుమ్మరి ఎల్లయ్య చేసిన గూన. ఇల్లు కట్టిననాడు ఇంటింట పారేసినయి తెచ్చి ఏసిన. వాసాల సందు నుంచి కిందికి చూస్తే భద్రమ్మ మంచం కనబడ్డది. ఇన్నేండ్లు ఆకాశం దిక్కు చూసుకుంట పండుకున్నది.

7 జూన్

ఆమె చూపెట్టినయి అయినయి. నా మంచం మీద ఒక్క జాగ మిగిలింది. అది చూపెట్టలేదు.

రాత్రి గాలిదుమారం.

8 జూన్

మిరుగం. పటేల్ ఇంటి మీద యాపకొమ్మ ఇరిగి పడ్డదని మనిషిని తోలిన్రు. నేను కప్పిన ఇల్లు, పోక తప్పదు. భద్రమ్మ దిక్కు చూసిన. నా పని అయింది, మీరు పోండ్రి అన్నది. ఇంకా మీరే అంటంది.

12 జూన్

నాలుగు రోజులు పటేల్ ఇంట్లనే, ఇరిగిన వాసాలకు లోపలి నుంచి ఊతం పెట్టుకుంట. మూడు రోజుల సంది వాన పట్టింది. దొరసాని ఇంటికి పొమ్మన్నది, నీ ఇల్లు ఎట్లున్నదో చూసుకో అని. తడుసుకుంట వచ్చిన.

ఇంటి ముంగట పోశాలు బండి.

అరుగు దిక్కు చూసిన, ఆమె మూట కట్టి పెట్టలేదు. లోపల పోశాలు ఒక్కొక్క జాగ కింద అరచెయ్యి పెట్టి చూస్తండు. బియ్యం కుండ కాడ పొడి. పొయ్యి కాడ పొడి. అక్క మంచం పొడి. నా మంచం కాడ మాత్రం సర్వల టపటప. ఇగో ఇక్కడ ఉరుస్తనే ఉన్నది గద, నడువు అక్కా అన్నడు.

అప్పుడు ఆమె చెప్పింది. నేనెట్ల వస్తర తమ్మీ, కప్పేటాయన పని మధ్యల ఇడిసిపెట్టి పోయిండు, ఆకు వక్క పెట్టిన, పని ఒడిసేదాక ఇంటామె ఇంట్ల ఉండాలె, రివాజు అన్నది.

పోశాలు నన్ను చూసిండు. గిట్లాంటి రివాజు ఉన్నదా బావా అన్నడు.

లేదు. ఉన్నది అని చెప్పిన.

పోశాలు ఉత్త బండి తీసుకపోయిండు. పొయ్యేటప్పుడు భద్రమ్మ మామిడికాయ తొక్కు కట్టిచ్చింది.

21 జూన్

ఆర్ద్ర. వాన. ఆమెకు దమ్ము లేవలేదు.

30 జూన్

ఇయ్యాల తెరిపిచ్చింది. ఎండ గూడ వచ్చింది. గూన ఆరింది. నిచ్చెన గోడకే ఉన్నది. మిగిలిన ఆ ఒక్క జాగకు ఒక పూట పని.

ఎక్కలేదు. ఆమె అడగలేదు.

3 జులై

మళ్ల వాన. సర్వ నిండితే పారబోసి పెట్టిన. నా మంచం ఆమె మంచం పక్కకు జరిపిన.