ఫ్యాన్ లేని గది

ఊటీ, 1997 మే, శనివారం

దొరల కాలం నాటి బంగళా. చలిమంటకు గోడలో పొయ్యి కట్టారు గాని, పైన ఫ్యాన్ లేదు. "ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు సుగుణా" అని సణిగిన మా ఆయన, రెండు రగ్గులు కప్పుకుని ఇట్టే నిద్రపోయారు.

మా ఉయ్యూరులో చలికాలమైనా దోమలకని ఫ్యాన్ తిరగాల్సిందే. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు ఈ రాత్రే ఆయన ఊపిరి విన్నాను. సన్నగా పిల్లికూతలు.

చలివల్లే అనుకుందామంటే, పొద్దున బొటానికల్ గార్డెన్‌లో ఎండగానే ఉంది. ఎత్తు ఎక్కుతూ కనపడిన ప్రతి బెంచీ మీదా కూర్చున్నారు. "ఈ పూలు చూడు, ఎంత బాగున్నాయో" అన్నారు. నేను పూలే చూశాను.

ఎల్లుండి ఇంటికి చేరగానే ఆయన ముందుగా ఫ్యాన్ వేస్తారు. ఇక నాకేమీ వినపడదు.