తొమ్మిదో నంబరుకు రెండో ఎల్లో కార్డు

ఆదివారం రాత్రి

తప్పు నాదే. ఇవాళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు రిఫరీని నేనే. ఈపూరు జట్టు తొమ్మిదో నంబరు ఆటగాడికి సెకండాఫ్‌లో ఎల్లో కార్డు చూపించాను. ఫస్టాఫ్‌లోనే అతనికి ఒకటి ఇచ్చిన సంగతి మరిచిపోయాను. రెండు ఎల్లోలు పడితే రెడ్ చూపించి బయటికి పంపాలి. పంపలేదు. అతను చివరిదాకా ఆడి, గెలుపు గోల్ కూడా కొట్టాడు. మాచర్ల జట్టు తలలు వంచుకుని వెళ్లిపోయింది. ఎవరూ గమనించలేదు. బట్టలు మార్చుకుంటూ, కార్డులు రాసుకునే నా పుస్తకం చూసుకుంటే అందులో తొమ్మిది రెండుసార్లు ఉంది.

సాయంత్రం రిఫరీల మీటింగులో అదే చెప్పి, రిపోర్టులో రాస్తానన్నాను. మా అందరికీ సీనియర్ వెంకట్రావన్న మండిపడ్డాడు.

"ఎవుడూ అడగలా గదరా మస్తానూ! ఒకటి కొట్టేయ్, సరిపోద్ది."

"రెండూ నేను చూపించినయ్యే గదన్నా. ఎట్టా కొట్టేసేది?"

"రాస్తే మన అసోసియేషన్ పరువేంగాను? రేపు నీకు మ్యాచ్ ఎవురిస్తారు?"

రిఫరీల ప్రమాణాలు పెరగాలని పోయిన మీటింగులో గంటసేపు చెప్పింది ఈయనే. బంతికి చెయ్యి తగల్లేదని ఆటగాడు బుకాయిస్తే అందరం కసురుతాం. మేం బుకాయిస్తే మాత్రం అది పరువు!

అక్కడే, ఆయన ముందే రాశాను. ఏ నిమిషంలో ఏ కార్డో రాసి సంతకం పెట్టాను. మ్యాచ్ మళ్లీ ఆడిస్తారేమో, ఈపూరు వాళ్లు నన్నేం తిడతారో... తిట్టనీ.

వచ్చే ఆదివారం డ్యూటీల లిస్టు ఇందాకే గ్రూపులో పెట్టారు. నా పేరు లేదు. విజిల్ వెంకట్రావన్నదట. మంచిది. నా మెకానిక్ షెడ్డు మూసేసి నేనూ వెళ్తాను. మైదానం అంచు గీత పక్కనే కూర్చుని, ఆయన ఎవరికి ఎన్ని కార్డులు చూపిస్తాడో నా పుస్తకంలో రాసుకుంటాను.