పడుకుంటే పోయే నొప్పి

ఉప్పల్,
14-9-1994

చిరంజీవి విక్టోరియాకు నాయిన దీవించి రాయునది.

మేమిక్కడ క్షేమమని మొదటి వరుసలో రాయడం మనకు అలవాటు. పోయిన మూడు ఉత్తరాల్లోనూ రాశాను. మూడూ అబద్ధాలే. ఈరోజు మాత్రం మీ అమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గంట దాటింది, తల పట్టుకోలేదు. వేలూరులో నీవూ, నీ తోటి నర్సు పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ కుట్లు ఆరిపోయాయి. గర్భసంచి తీసిన చోట ఏ బాధా లేదు. మన గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన మాట నిజమే. నేను మున్సిపాలిటీకి పెట్టిన అర్జీ ఆ నీళ్లలోనే ఎక్కడో తేలుతూ ఉంటుంది. చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. స్త్రీలకు ఓర్పే నగ అని వరుసగా రెండు ఆదివారాలు చెప్పాడు. మూడో ఆదివారం నేను పోలేదు.

ఇక అమ్మ తలనొప్పి సంగతి. జూన్‌లో ఆపరేషన్‌కు వెన్నులో మత్తుసూది ఇచ్చారు కదా. మూడో రోజు నుంచి లేచి కూర్చుంటే చాలు, మెడ వెనుక మొదలై తల పగిలిపోయేది. చెవుల్లో హోరు, వాంతులు. పడుకుంటే పావుగంటలో అంతా పోయేది. అందుకే ఎవరూ నమ్మలేదు. పడుకుని పక్కింటి కౌసల్యమ్మతో నవ్వుతూ మాట్లాడిన మనిషి, చీపురు పట్టగానే ఏడిస్తే లోకం ఏమంటుంది? నాచారం కంపెనీలో ఆమెతో పాటు మాత్రలు ప్యాక్ చేసే ఆడవాళ్లే అన్నారు: "లీడర్ పెండ్లాం గదా, పండుకున్నా జీతమొస్తది."

కంపెనీ డాక్టరు దగ్గరికి రెండుసార్లు పంపారు. అక్కడి పద్ధతి విను. పోగానే బల్ల మీద పడుకోమంటారు. ఆయన తీరిగ్గా చాయ్ తాగి వచ్చేసరికి నొప్పి పోతుంది.

"ఇప్పుడు నొస్తున్నదా?"

"ఇప్పుడైతే లేదు సార్."

"మరెందుకొచ్చినవమ్మా?"

పనికి తగునని రాసి ముద్ర కొట్టాడు, రెండుసార్లూ. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసే మనిషిని పడుకోబెట్టి చూసి, నిలబడగలదని తీర్పు చెప్పే వైద్యం ఇది. దీని మీద నేను నాలుగు పేజీలు రాయగలను, మన యూనియన్ పత్రికలో వేయించగలను. కానీ ఈసారి దోషుల్లో నేనూ ఉన్నాను.

ఆగస్టులో నీవు రాసిన ఉత్తరం చివర ఒక మాట ఉంది: "నాయినా, లేస్తే నొస్తదా, పండుకుంటే నొస్తదా, అమ్మను జర అడుగు. లేస్తేనే అయితే ఊకోవద్దు, మత్తు డాక్టరుకు చూపియ్యి." దాన్ని గేటు ముందు హోటల్లో చదివాను. జీతాల ఒప్పందం చర్చలు నడుస్తున్నాయి. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అడగలేదు. ఆడపిల్లల మాట వినాలని ముప్పై సభల్లో అరిచినవాణ్ణి, ఇంకా చదువుతున్న పిల్ల డాక్టర్లకు నేర్పుతుందా అనుకున్నాను.

తరువాతి వారమే మేనేజరు చిదంబరం పిలిచాడు. మీ అమ్మ నాగాలు ఎక్కువయ్యాయి, పనిలోంచి పేరు తీసేస్తామన్నాడు. "సెక్రటరీగారూ, మీ ఇంటి మనిషి. మీరే చెప్పండి" అన్నాడు. గదిలో మన యూనియన్‌వాళ్లు పదకొండు మంది ఉన్నారు. "నా భార్య అని నేను వాదించను, రూలు అందరికీ ఒక్కటే" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె పేరు తీసేసే కాగితం మీద యూనియన్ తరఫున సంతకం చేశాను. అదే మన యూనియన్‌లోని పోశయ్య భార్య అయితే గేటు ముందు వంటావార్పూ పెట్టేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ చప్పట్ల సంగతి గొప్పగా చెప్పాను కూడా. "మస్తు పేరొచ్చింది గదా నీకు" అని మీ అమ్మ గోడవైపు తిరిగింది.

పోయిన గురువారం ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది నేను కాదు, కౌసల్యమ్మ. ఆటోలో తల ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది. నేను వెనుక చేరాను. మత్తు డాక్టరు అన్నపూర్ణమ్మగారు ఆమెను నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు. సూది పడిన చిల్లు మూసుకోలేదట. మెదడు తేలే నీరు అందులోంచి కారి, ఒత్తిడి తగ్గి, లేచినప్పుడల్లా మెదడు కిందికి జారుతోందట. అమ్మ చేతి నుంచే పదిహేను సి.సి. రక్తం తీసి, వెన్నులో అదే చోట ఎక్కించారు. అది గడ్డకట్టి చిల్లును మూస్తుందన్నారు. రెండు గంటలకు లేపి కూర్చోబెడితే, నొప్పి ఇంకా రాలేదేమని మీ అమ్మ ఎదురుచూస్తూ కూర్చుంది.

"మూడు నెలలాయె. ఇంట్ల ఒక్కలన్న అడగలేదా?" అన్నారు డాక్టరమ్మ.

"మా బిడ్డ అడిగింది మేడం, ఉత్తరంల."

నేను తల ఎత్తాను. "చొక్కా ఉతికేటప్పుడు సూసిన" అంది మీ అమ్మ నాతో. "నువ్వు అడుగుతవేమోనని వారం దినాలు సూసిన. ఆఖరికి కౌసల్యక్కకు చెప్పిన."

పనిలోంచి తీసేసినందుకు మీ అమ్మ లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది, వచ్చే సోమవారం విచారణ. నన్ను సాక్షిగా రమ్మంది. "నా తరఫున మాట్లాడకు. నువ్వు చేసింది చెప్పు, చాలు" అంది. పోశయ్య నిన్న వచ్చి, "అన్నా, నువ్వే గట్ల చెప్తే మేనేజ్‌మెంటోళ్లు మనల్ని చూసి నవ్వుతరు" అన్నాడు. నవ్వనీ. పదవి పోతుంది, పోనీ. ఆమె ఉద్యోగం తిరిగి వస్తుందో రాదో మాత్రం నేను చెప్పలేను.

ఇంతవరకు రాసింది చదివి వినిపించమంది. వినిపించాను. ఏరుతున్న చేయి ఆపి, "సంతకం చేసేటప్పుడు నీకు ఎరుకేనని రాసినవా?" అని అడిగింది.

రాయలేదు విక్టోరియా. ఇప్పుడు రాస్తున్నాను. రెండు నెలలు ఒకే గదిలో ఉండి చూసినవాణ్ణి. సంతకం చేసేటప్పుడు, ఆమె నటించడం లేదని నాకు తెలుసు.

ఇట్లు,
మీ నాయిన
సామ్యేలు