వాట్‌మీటరు ముల్లు, ఆయన ఓపిక

సూరత్, మంగళవారం రాత్రి

హజీరా ఫ్యాక్టరీలో మా ఆయన దగ్గర కొత్తగా చేరిన వరంగల్ ఇంజనీరు పిల్ల మేఘ, సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ ఓపెన్ సర్క్యూట్ టెస్టులో వాట్‌మీటరు ముల్లు సరిగా కదలడం లేదట.

"లోడ్ లేదు గదమ్మా. తీసుకునే కరెంటు చాలావరకు అయస్కాంతానికే పోయి మళ్ల వెనక్కొస్తది. లోపలి ఇనుప కోర్ వేడెక్కేటందుకు జరంతనే ఖర్చయితది. గందుకే పవర్ ఫ్యాక్టర్ తక్కువ. దానికని వేరే వాట్‌మీటరుంటది, అది పెట్టు."

ఆమెకు అర్థం కాలేదేమో, ఆయన నవ్వుతూ మళ్లీ మొదటి నుంచి చెప్పారు. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అంతా విన్నాను. ఇన్నేళ్లలో నాకు ఏదీ రెండోసారి చెప్పలేదు. ఆ పిల్ల మీద కోపం లేదు, కానీ కుళ్లుగా ఉంది.

భోజనం దగ్గర అడిగాను. "లోడ్ లేనప్పుడు అసలు కరెంటు ఎందుకు తీసుకుంటదండీ?"

"ఏందే, నువ్వు గూడ టెస్టింగ్‌ల చేరుతవా?" అని కంచం పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టారు.

వంటింట్లో విన్నప్పుడే నాకు అర్థమైంది. అయినా అర్థం కాలేదన్నాను. కూర చల్లారిపోతున్నా మళ్లీ చెప్పారు.

రేపు క్యాంటీన్‌లో ఆ పిల్లకూ ఇలాగే కంచం జరిపి చెబుతారేమో...