కళ్లంలో రెండు ఫ్లాష్‌లు

8-2-2001, గురువారం

రెండు ఫ్లాష్‌లు, వాటి వెలుతురు మెత్తగా పడేలా పట్టే తెల్ల గొడుగు, వెల్డింగ్ షాపులో చేయించిన మడత స్టాండ్లు అన్నీ ఒకే సంచిలో పట్టాయని పొద్దున ఎంత మురిసిపోయానో! కరెంటు లేని చోట కూడా స్టూడియో పెట్టేయొచ్చనుకున్నాను.

మొదటి ఫోటో సువార్తమ్మ పెద్దమ్మదే. "నేను పోయాక గోడకి పెట్టేది, కళ్లు బాగా కనపడాల్రా" అంది. ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండు నెలలే.

కళ్లంలో ఎండుమిరపకాయలను చేత్తో పక్కకు నెట్టి స్టాండ్లు నిలబెట్టాను. ఆమె నల్లకళ్లజోడులో గొడుగు తెల్లగా మెరుస్తోంది. జోడు నేనే తీశాను. కంటి మీద పడిన వెంట్రుకలు నేనే సర్దాను.

"అబ్బా! ఒరేయ్, చేతులు కడుక్కున్నావా?"

కాయలు ఏరే ఆడవాళ్లు చెమట పట్టినా భుజానికే తుడుచుకుంటారు. చెయ్యి మొహం దాకా పోనివ్వరు. మా అమ్మయితే కాయలు ఏరే రోజుల్లో నన్ను దగ్గరికే రానిచ్చేది కాదు. అది చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

బిందెడు నీళ్లతో కడిగినా కన్ను వాచింది. సాయంత్రం పేటలో కంటి డాక్టరు చూసి, "రెండు రోజులు ఆగి చెబుతానండి" అన్నాడు. ఆ కంటికి ఏమన్నా అయితే...

కళ్లంలో నేను సామాను సర్దేస్తుంటే పెద్దమ్మ అన్న మాటే చెవుల్లో ఉంది. కంటికి తడిగుడ్డ అదుముకుని, మంచం మీద నిటారుగా కూర్చుని అంది:

"సర్దేస్తావేరా? తియ్యి, ఇంకో కన్ను ఉందిగా."