గంప మీది బల్బు ఆర్పొద్దు

అమ్మా, ఈ రోజు ఇంట్లో నేను, అవ్వ, తల్లి లేని తొమ్మిది కోడిపిల్లలు ఉన్నాం. నువ్వు చెప్పినట్టే గదులన్నిట్లో ఎల్ఈడీ బల్బులు పెట్టాను. కోడిపిల్లలున్న గంప మీద వేలాడే పాత బల్బును మాత్రం తీయొద్దు, ఆర్పొద్దు. పొద్దున దాని చోట ఎల్ఈడీ పెడితే వెలుగొచ్చింది గానీ వేడి రాలేదు, పిల్లలు వణుకుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అవి పెద్దయ్యేదాకా ఆ ఒక్కటీ వెలగనీ, మిగతావాటితో కరెంటు బిల్లు తగ్గుతుందిలే. ఆ ఎల్ఈడీని పొయ్యి పైన గోడకున్న హోల్డరుకు పెట్టాను, ఇక బియ్యంలో రాళ్లు నీకు బాగా కనిపిస్తాయి.

ఆదోని హాస్టలుకు బయల్దేరి తలుపు తీసి గడప దగ్గర ఇది రాస్తుంటే అవ్వ, "చలిగాలికి పిల్లలు సస్తాయి, పోవే!" అని నన్ను బయట పెట్టి తలుపేసింది. నాకు చలేస్తుందా అని అడగనే లేదు. చీటీ తలుపు కింద తోస్తున్నాను.