నాన్న మీద వేసిన మాట

అక్కకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు తనే దిగుతున్నారు. నీ దగ్గు తగ్గిందని, పాప బడిలో కుదురుకుందని చదివి మనసు కుదుటపడింది.

తాతయ్య మనింటికి ఎందుకు రాడని పాప అడిగితే ఛాందసుడని చెప్పానని రాశావు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కోమన్నావు. ఆఫీసులో నిఘంటువులు తిరగేశాను. ఛందస్సు అంటే వేదం. అది చదివినవాడు ఛాందసుడు. మొదట్లో అందులో తిట్టు లేదు. చదివినదాన్నే పట్టుకుని లోకం పోకడ పట్టనివాడన్న వెటకారం తర్వాత చేరింది. ఇప్పుడు మా పేపర్లో పక్క మతాన్ని ఓర్వలేనివాళ్లకి వాడుతున్నాం. నేనూ చాలాసార్లు వాడాను.

నిఘంటువులో లేనిది ఒకటుంది.

పెళ్లయ్యాక నువ్వూ మీ ఆయనా వస్తామని ఉత్తరం రాశావు. అప్పుడు నాన్న కంటికి ఆపరేషన్ అయింది. చదివిందీ, జవాబు రాసిందీ నేనే. "నాన్న మీ మొహం చూడనంటున్నారు" అని రాశాను. నాన్న ఆ మాట అనలేదు. "అయిందేదో అయింది, రమ్మని రాయరా. అల్లుడు కాఫీ తాగుతాడో టీ తాగుతాడో కనుక్కో" అన్నారు. నువ్వు రానన్నావని ఆయనకు చెప్పాను. ఇద్దరి పంతమూ తెలుసు, మళ్లీ అడగరని తెలిసే చెప్పాను. నీ ఉత్తరాలు ఆఫీసుకే తెప్పించుకున్నాను.

మీ ఆయన మతం నాకు గిట్టలేదు. ఇంతకంటే పెద్ద కారణం లేదు. ఆ వారమే మత ఛాందసుల మీద నేను రాసిన వ్యాసానికి ఎడిటర్ భుజం తట్టాడు.

తొమ్మిదేళ్లు నువ్వు నాన్నను ఆ మాట అన్నప్పుడల్లా నేను కాదనలేదు. పాప కూడా నేర్చుకుందని చదివాక మాత్రం ఉండబట్టలేదు. ఆదివారం పొద్దున నాన్నకు అంతా చెప్పేశాను. గడ్డం గీసుకుంటున్నారు. నన్ను తిట్టలేదు.

"పాపకి ఎన్నేళ్లురా?"

ఎనిమిదన్నాను. ఇంకో చెంప గీయకుండానే లోపలికెళ్లిపోయారు. మధ్యాహ్నం పిలిచి, తప్పు ఉత్తరంలో రాశావు కాబట్టి ఉత్తరంలోనే దిద్దు, ఫోన్ చేయకు అన్నారు. తనే మీ ఇంటికి బయల్దేరతానన్నారు. ఆయన వస్తే నీకు ఇష్టమేనా అని ముందు కనుక్కోనా అని అడిగాను.

"ఒకసారి నువ్వు కనుక్కున్నది చాల్లే."

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. వచ్చే శుక్రవారం బండికి నాన్నకు టికెట్ తీశాను. ఒక్కరే వస్తున్నారు. పెట్టె బరువుగా ఉంది, ఎవరు అడిగినా ఇవ్వరు. స్టేషన్లో ఆయన చేతిలోంచి లాక్కోమని బావగారికి చెప్పు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే,
నీ తమ్ముడు